ఏ సిరీస్ గొప్పదన్న వాదన గురించి

ఇప్పుడు వస్తున్న టీవీ సిరీస్‌లలో ఏది అత్యుత్తమమని మిత్రుల మధ్య మొదలైన వాదన, అసలు దేన్ని చూసి గొప్పతనాన్ని తేల్చాలనే ప్రశ్న దాకా సాగింది. ఒకరు ‘అడాలసెన్స్’ పేరు చెప్పి, 2025లో వచ్చిన ఆ 4 ఎపిసోడ్‌లలో ప్రతిదాన్నీ కట్ లేకుండా ఒకే షాట్‌లో తీశారని గుర్తుచేశారు. అది అసాధారణమే; అయినా అంత చిన్న కథను, ఏళ్ల తరబడి పాత్రలను పెంచుకుంటూ వచ్చే సిరీస్‌తో ఒకే తూకం వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

నా ఓటు ‘సెవరెన్స్’కే; ఉద్యోగుల ఆఫీసు జ్ఞాపకాలనూ బయటి జ్ఞాపకాలనూ శస్త్రచికిత్సతో విడదీసే కథ అది. ఆఫీసు లిఫ్టు కిందికి దిగుతుండగా, మాట ఒక్కటీ లేకుండా, నటుడు ఆడమ్ స్కాట్ కళ్లు క్షణకాలం అదిరి, దిగులుతో కుంగిన ముఖం బయటి జీవితమేమీ గుర్తులేని మరో మనిషి ముఖంగా మారిపోవడాన్ని గమనించినవారికి నా పట్టుదల అర్థమవుతుంది. 2022 నాటి మొదటి సీజన్ తర్వాత రెండోదాని కోసం 2025 దాకా ఆగవలసి వచ్చిందని ఒక మిత్రురాలు అన్న మాటను మాత్రం కాదనలేను. ఆమె ఎంచుకున్నది ‘ది పిట్’. ఆసుపత్రి అత్యవసర విభాగంలోని ఒకే షిఫ్టును గంటకొక ఎపిసోడ్ చొప్పున 15 ఎపిసోడ్‌లుగా మలిచిన ఆ తొలి సీజన్‌లో, వైద్యుల అలసట మన కళ్ల ముందే పేరుకుపోతుంది.

‘షోగన్’ను ఎవరూ తలవకపోవడం నన్ను బాధించింది. అధికభాగం జపనీస్ సంభాషణలతోనే నడిచి, 2024లో ఒక్క సీజన్‌కే 18 ఎమ్మీ టీవీ పురస్కారాలు గెలిచిన సిరీస్ అది. వచ్చేసారి దాని తరఫున నేనే వాదిస్తాను.