ఎనిమిదో రోజున తోమా వచ్చాడు

ఈస్టర్ అయి ఆరు రోజులైంది. పోయిన ఆదివారం మందిరంలో కుర్చీలు చాలక పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాం. రేపటికి ఆ అదనపు కుర్చీలు గోడ వారగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పువ్వులుండవు. సగం వరసలు ఖాళీగా ఉంటాయి. అయినా ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన ఆరాధన ఇదే. యేసు శిష్యుడు తోమా వల్ల.

ప్రభువైన యేసు మరణం నుంచి లేచిన రోజు సాయంత్రం, తలుపులు మూసుకుని కూర్చున్న శిష్యుల మధ్యకు ఆయన వచ్చాడు. తోమా అక్కడ లేడు. ఎందుకు లేడో సువార్త రాసిన యోహాను చెప్పలేదు. అనుమానపు తోమా అని మనం ఒక పేరు పెట్టేశాం గానీ, నా మనసు ఇంకోచోట ఆగుతుంది. ప్రభువు లేచాడంటే నేను నమ్మలేనని అందరి ముందూ చెప్పేసిన మనిషి, ఎనిమిది రోజుల తర్వాత మళ్లీ వాళ్లతోనే ఉన్నాడు. వాళ్ల సంతోషం అతనికి లేదు. అయినా వచ్చి కూర్చున్నాడు. యేసు మళ్లీ వచ్చినప్పుడు "నా ప్రభువా, నా దేవా" అన్న మాట అతని నోట ఆ గదిలోనే వచ్చింది.

మా అమ్మ ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమదినాల్లో చనిపోయింది. ఆ ఏడాది ఈస్టర్‌కి క్వయర్‌లో నిలబడి ఎలాగో పాడేశాను. తర్వాతి ఆదివారం వెళ్లలేదు. ఆపై వారమూ వెళ్లలేదు. లోపల సంతోషం లేకుండా వెళ్లి పాడితే దేవుడి ముందు నటించినట్టే కదా అనిపించింది. మూడో వారం మా సంఘంలో ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. ఎందుకు రావట్లేదని అడగలేదు. "నీ చోటు అలాగే ఉంచానమ్మా. పాడకపోయినా పర్లేదు, వచ్చి నా పక్కన కూర్చో" అన్నారు.

వెళ్లాను. మొదటి పాటకే గొంతు పూడుకుపోయింది. ఆవిడ పాటల పుస్తకాన్ని ఇద్దరికీ మధ్యలో పట్టుకుని, నేను ఆపేసిన ప్రతి చరణాన్నీ పూర్తి చేశారు. నా వంతు కూడా ఆవిడే పాడుతున్నట్టు ఉండింది. ఆ రోజేమీ నాకు సంతోషం తిరిగి రాలేదు. ఆ తర్వాత కూడా ఐదారు వారాలు పట్టింది. ఒక ఆదివారం, పాట మధ్యలో, నా గొంతు నాకే వినబడింది. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు.

ఈస్టర్ ఒక్క రోజుతో అయిపోయేది కాదని నేను నేర్చుకున్నది ఆ ఏడాదే. పూర్వపు సంఘం పెంతెకొస్తు పండుగ దాకా యాభై రోజులూ పండుగగానే గడిపింది. ఆ రోజుల్లోనూ, ప్రతి ఆదివారమూ మోకాళ్లూనకుండా నిలబడి ప్రార్థించాలని 325లో నైసియాలో కూడిన సంఘ పెద్దల సభ నియమం కూడా పెట్టింది. అది చదివినప్పటి నుంచి ఈ యాభై రోజులూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి ప్రార్థన చేసుకుంటున్నాను. మోకాళ్ల మీద ఉంటే వచ్చే మాటలు వేరు, నిలబడితే వచ్చే మాటలు వేరు. నిలబడినప్పుడు నాకు కృతజ్ఞతే ముందు వస్తుంది.

దానికన్నా నన్ను కదిలించింది అబిటీనే అనే ఊరి విశ్వాసుల సంగతి. 304లో, రోమా చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవులను హింసించిన కాలంలో, ఉత్తర ఆఫ్రికాలో నలభై తొమ్మిది మందిని ఆరాధనకు కూడినందుకు పట్టుకున్నారు. ఆజ్ఞ మీరి ఎందుకు కూడారని అడిగితే, ప్రభువు దినపు ఆరాధన లేకుండా మేము ఉండలేమన్నారు. నేను రెండు ఆదివారాలు ఉండగలననుకున్నాను. ఉండలేకపోయాను.

ఆ పెద్దావిడకు ఇప్పుడు మెట్లెక్కడం కష్టమైంది, మందిరానికి రాలేకపోతున్నారు. ఆరాధన అవ్వగానే ఫోన్ చేసి వాక్యం ఏం చెప్పారో, ఏ పాటలు పాడామో చెప్తాను. పాటల పేర్లు చెప్తుంటే మధ్యలోనే ఆపి, "మొదటి చరణం అందుకో" అంటారు. రెండో చరణానికి ఆవిడ కూడా కలుస్తారు.