ఎయిర్ ఫ్రయర్‌లో బీన్స్ వేపుడు: కరకరలాడించడానికి నేను పడ్డ పాట్లు

మా ఇంట్లో బీన్స్‌కి ఉన్న మర్యాద అంతంతమాత్రమే. పచ్చికొబ్బరి వేసి కూర చేస్తే అత్తయ్య, నేను తింటాం. మా వారు ఒక ముద్ద కలుపుకుని పప్పుచారులోకి వెళ్ళిపోతారు. పాప సంగతి చెప్పక్కర్లేదు, సాంబారులో పడ్డ ముక్కల్ని కూడా ఏరి కంచం అంచున వరసగా పేరుస్తుంది. కానీ పెళ్ళి భోజనంలో బెండకాయ జీడిపప్పు వేపుడు కనిపిస్తే ఇదే జనం మారు వడ్డించుకుంటారు. వీళ్ళ గొడవంతా మెత్తదనంతోనే. కరకరలాడితే చాలు, ఏ కాయ అయినా లోపలికి వెళ్ళిపోతుంది.

మా వారి కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి డాక్టరు గారు వేపుళ్ళు తగ్గించమన్నాక ఇంట్లోకి ఎయిర్ ఫ్రయర్ వచ్చింది. నాలుగు లీటర్లది, 1500 వాట్లు. బంగాళాదుంపలు, పనీర్ ముక్కలు, వేయించిన పల్లీలు వరకు ఏ పేచీ లేకుండా సాగింది. బీన్స్ దగ్గరే చిక్కొచ్చింది. ఎక్కడ చూసినా ఒకటే పద్ధతి: కాస్త నూనె, ఉప్పు పట్టించి 200 డిగ్రీల్లో పది నిమిషాలు. అలాగే చేస్తే కొసలు నల్లబడ్డాయి, నడుము మెత్తగా ఉంది, మొత్తం మీద నములుతుంటే సాగుతోంది. అత్తయ్య ఒకటి పైకెత్తి చూసి, "ఏంటమ్మాయ్ ఇవి, గడ్డిపరకల్లా ఉన్నాయి? మూకుడు పెట్టుకోకూడదూ?" అన్నారు. పాప రుచి కూడా చూడలేదు.

మూకుడు పెట్టడం నాకూ వచ్చు. కానీ పావుకిలో బీన్స్ ఎర్రగా వేగాలంటే నాలుగైదు గరిటెల నూనె పోయాలి. అది వద్దనేగా ఈ యంత్రాన్ని కొన్నది. అందుకని అసలు లోపల ఏం జరుగుతోందో కనుక్కుందామని కూర్చున్నాను.

ఎయిర్ ఫ్రయర్ అంటే పేరు పెద్దదే గానీ, పైన ఒక కాయిల్, దాని వెనక ఒక ఫ్యాను, అంతే. వేడిగాలిని చిన్న గదిలో గిరగిరా తిప్పుతుంది. 2010లో ఫిలిప్స్ వాళ్ళు దీన్ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు ముందు పెట్టుకున్నది బంగాళాదుంప ఫ్రైస్‌నే. దుంపలో పిండి పదార్థం దండిగా ఉంటుంది. అది పైన గట్టిపడి పెచ్చు కడుతుంది. ప్యాకెట్లో వచ్చే ఫ్రైస్ అయితే ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో వేగి వస్తాయి. మనం చేసేది రెండో విడత మాత్రమే. బీన్స్‌లో ఈ రెండూ లేవు. దాంట్లో 90 శాతం నీళ్ళే. అంటే పావుకిలోలో 225 గ్రాముల దాకా నీరు. నీరు ఉన్నంతసేపు ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వేపుడికి ఆ ఎర్రటి రంగు, ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. కాబట్టి యంత్రం మొదట చేసే పని వేయించడం కాదు, ఆరబెట్టడం. ఇది తెలిశాక మిగతావన్నీ ఒక్కొక్కటిగా దారికొచ్చాయి.

ముందు కాయ. కూకట్‌పల్లి రైతుబజారులో లావు బీన్స్, సన్న బీన్స్ రెండూ ఉంటాయి. కూరకి ఏదైనా ఫర్వాలేదు. వేపుడికి మాత్రం సన్నవే కావాలి. చేతిలోకి తీసుకుని వంచితే టప్‌మని విరగాలి, విరిగిన చోట చిన్న నీటిచుక్క మెరవాలి. వంగి ఊరుకుంటే పాతది. పైనుంచి గింజలు ఉబ్బెత్తుగా కనిపిస్తుంటే ముదిరిందని లెక్క. అలాంటివి ఎంతసేపు పెట్టినా తొక్క తోలుగా మారుతుంది, లోపలి గింజ పొడిపొడిగా తగులుతుంది. (మన చింతపల్లి ఏజెన్సీలో పండే రాజ్మా కూడా ఇదే జాతి మొక్క. కాయని లేతగా కోస్తే బీన్స్, గింజ ముదిరి ఎండితే రాజ్మా. ముదురు బీన్స్ సగం దారిలో ఉన్న రాజ్మా అన్నమాట.) కూరగాయలాయన ముందు నిలబడి ఒక్కొక్కటి విరిచి చూస్తుంటే ఊరుకోడు, "అమ్మా, కొనేవి విరవండి, మిగతావి వదలండి" అంటాడు. రెండు మూడు విరిస్తే చాలు, గుట్ట సంగతి తెలిసిపోతుంది.

రెండోది తడి. నేను బీన్స్‌ని తరగకముందే కడుగుతాను. తరిగాక కడిగితే కోసిన చోట నుంచి నీళ్ళు లోపలికి పోతాయి. కడిగి, పాత నూలు చీర ముక్క మీద పరిచి ఫ్యాను కింద అరగంట వదిలేస్తాను. తర్వాత రెండు కొసలూ తీసి, పీచు ఉంటే లాగేసి, రెండంగుళాల ముక్కలు చేస్తాను. కాస్త లావుగా ఉన్నదాన్ని నిలువునా చీలుస్తాను. ఆ చీలిక చాలా పని చేస్తుంది. లోపలి ఆవిరికి బయటికి దారి దొరుకుతుంది, పిండి పట్టుకోవడానికి గరుకు జాగా కూడా దొరుకుతుంది. కూరకి తరిగినట్టు సన్నగా తరిగితే మాత్రం లాభం లేదు, చిన్న ముక్కలు జాలీలో ఇరుక్కుని మాడతాయి.

ఉప్పు దగ్గర నాకు అత్తయ్యతో ఇప్పటికీ పేచీయే. ఆవిడ అలవాటు, తరగ్గానే ఉప్పు, పసుపు వేసి కలిపి పక్కన పెట్టడం. మూకుడులో అది చెల్లుతుంది, ఊరిన నీళ్ళు నూనెలో చిటపటలాడి పోతాయి. ఎయిర్ ఫ్రయర్‌లో చెల్లదు. ఉప్పు తగిలిన పది నిమిషాలకి బీన్స్ పైన చెమట పట్టినట్టు తడి వస్తుంది. ఆ తడిలో పిండి ముద్దవుతుంది. అందుకని ఉప్పు పిండిలోనే కలిపి, బాస్కెట్లో వేసే ముందు మాత్రమే పట్టిస్తాను.

ఇక పిండి. దుంపకి దేవుడిచ్చిన పిండి పదార్థం బీన్స్‌కి మనం పైనుంచి ఇవ్వాలి. బజ్జీ పిండిలా జారుగా కలిపితే ఈ యంత్రంలో కుదరదు. కాగిన నూనె అయితే పిండిని పడ్డ క్షణంలోనే గట్టిపరుస్తుంది. గాలికి అంత జోరు లేదు, ఈలోపు పిండి కారి జాలీ కిందకి చేరుతుంది. పొడి పిండి చల్లితే ఇంకో ఇబ్బంది, అక్కడక్కడ తెల్లగా పచ్చిగా ఉండిపోతుంది, తింటే నాలుకకి సుద్దలా తగులుతుంది. కార్న్‌ఫ్లోర్ ఒక్కటే వేస్తే కరకర బాగానే వచ్చింది గానీ పాలిపోయినట్టు ఉంది, రుచీ లేదు. శనగపిండి ఒక్కటే వేస్తే రంగు వచ్చింది, పెచ్చు గట్టిగా అయింది, తేలిగ్గా లేదు.

చివరికి కుదిరిన లెక్క ఇది. పావుకిలో బీన్స్‌కి రెండు టీస్పూన్ల వేరుశనగ నూనె ముందు వేసి, చేత్తో ప్రతి ముక్కకీ అంటేలా రుద్దుతాను. వేరే గిన్నెలో రెండు టేబుల్ స్పూన్ల బియ్యప్పిండి, ఒక టేబుల్ స్పూను శనగపిండి, ముప్పావు టీస్పూను ఉప్పు, చిటికెడు పసుపు, అర టీస్పూను జీలకర్ర పొడి కలిపి ఉంచుకుంటాను. దాన్ని బీన్స్ మీద రెండు విడతలుగా చల్లి కలుపుతాను. పిండి ఇంకా పొడిగా కనిపిస్తే వేళ్ళు నీళ్ళలో ముంచి ఒక్కసారి చిలకరిస్తాను, అంతకు మించి వద్దు. ముక్క చేతికి కొంచెం జిగురుగా, గరుకుగా తగలాలి. అప్పుడు చిల్లుల గిన్నెలో వేసి ఒకసారి దులిపితే అంటుకోని పిండి రాలిపోతుంది. ఈ దులపడం బద్ధకించి మానేస్తే రాలిన పిండి అడుగున మాడి, వేపుడంతా మాడు వాసనేస్తుంది.

నూనె అసలు లేకుండా వేపుడు చేసేస్తామనేవాళ్ళ మాట నేను నమ్మను. గాలి ఒక్కటే పిండిని వేయించలేదు, ఎండబెడుతుంది. పైన పలచగా నూనె పొర ఉంటేనే రంగు తిరుగుతుంది. స్ప్రే డబ్బాల్లో వచ్చే నూనెలు నేను వాడను. వాటిలో కలిపే పదార్థాల వల్ల జాలీ మీద వదలని జిడ్డు పేరుకుంటుంది, నాన్‌స్టిక్ పూత పాడవుతుంది. దోసె పెనానికి వాడే బ్రష్షే దీనికీ చాలు.

యంత్రాన్ని 180 డిగ్రీల్లో మూడు నిమిషాలు ఖాళీగా వేడెక్కించి, బీన్స్‌ని ఒకే వరసగా పరుస్తాను. పావుకిలో మొత్తం ఒకేసారి పట్టదు, రెండు వాయిలు అవుతుంది. ఆశపడి గుట్టగా పోస్తే కింద ముక్కల ఆవిరి పై ముక్కల్ని ఉడికిస్తుంది, అప్పుడది వేపుడు కాదు, ఇడ్లీ పాత్రలో పెట్టినట్టే. 180లో ఎనిమిది నిమిషాలు. ఇక్కడే బాస్కెట్ తీసి ఊపాలి, ఆ చప్పుడు వినాలి. మొదటి ఊపులో ముక్కలు ఒకదానికొకటి మెత్తగా తగిలి దబదబమంటాయి. కంగారు పడి వేడి పెంచకూడదు, ఇంకా నీళ్ళున్నాయని అర్థం. తెల్లగా కనిపించిన చోట బ్రష్షుతో నూనె అద్ది లోపలికి తోస్తాను. ఇంకో మూడు నిమిషాలకి ఊపితే చప్పుడు సన్నబడుతుంది. తొక్క ముడతలు పడి ఉంటుంది, పచ్చదనం తగ్గి ముదురు ఆకుపచ్చలోకి దిగుతుంది, అక్కడక్కడ గోధుమరంగు బొబ్బలు లేస్తాయి. అప్పుడు 200కి పెంచి రెండు మూడు నిమిషాలు. ఈసారి ఊపితే గలగలమంటాయి. ఆ గలగల వచ్చిందంటే తీసేయడమే, ఇంకొక్క నిమిషం ఉంచినా కొసలు చేదెక్కుతాయి. నిమిషాలు యంత్రాన్ని బట్టి, కాయని బట్టి మారతాయి గానీ ఈ చప్పుడు మారదు. ఇప్పుడు నేను గడియారం చూడటం దాదాపు మానేశాను.

కారం మొదట్లో వేయను. ఫ్యాను ముందు పొడి కారం పెడితే వంటింట్లో ఎవరూ నిలబడలేరు, పైగా మాడి నల్లబడుతుంది. కరివేపాకు సంగతి ఇంకా విచిత్రం. తేలికగా ఉంటుంది కదా, గాలికి ఎగిరి నేరుగా కాయిల్‌కి అతుక్కుంటుంది. కాలిన ఆకు వాసన వస్తే స్విచ్ తీసేసి, కాయిల్ చల్లారేదాకా ఆగి తీసుకోవాలి. అందుకని తాలింపు వేరే. పోపు గరిటెలో ఒక టీస్పూను నూనె, నాలుగు దంచిన వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండుమిర్చి, కరివేపాకు, గుప్పెడు జీడిపప్పు పలుకులు. పొయ్యి ఆపాక అర టీస్పూను కారం వేసి, వెంటనే వేగిన బీన్స్ మీద పోసి రెండు ఎగురులు ఎగరేస్తాను. మొత్తం మీద పావుకిలోకి నాలుగు టీస్పూన్ల లోపే నూనె.

కరెంటు గురించి మా వారికి టెన్షన్ ఎక్కువ. 1500 వాట్లది పావుగంట ఆగకుండా లాగినా 0.375 యూనిట్. కాయిల్ మధ్యమధ్య ఆగుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. ప్లగ్ మాత్రం మిక్సీకి వాడే చిన్న పాయింట్లో పెట్టను. ఎక్స్‌టెన్షన్ బాక్సులో అసలే పెట్టను. ఆరు ఆంపియర్లు దాటి లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల పాయింట్ ఉండాలి.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి ఈ పద్ధతి చెబితే, "అక్కా, నేను ఫ్రోజెన్ బీన్స్‌తో చేశాను, ఎంత పెట్టినా మెత్తగానే ఉన్నాయి" అంది. గడ్డకట్టేటప్పుడు లోపలి నీళ్ళు మంచు పలుకులై కణాల గోడల్ని చీల్చేస్తాయి. కరిగాక ఆ కాయలో బిగువు ఉండదు, టప్‌మని విరిగే గుణం పోతుంది. పైకి పిండితో కరకర తెప్పించొచ్చు గానీ లోపల జావే. వాటిని పలావుకి వాడుకోమని, వేపుడికి తాజావి తెచ్చుకోమని చెప్పాను. వాళ్ళకి దొరికే సన్నరకం మనకంటే బాగుంటుంది కూడా, చీల్చే పని లేదు.

ఇక తీర్పు. పాప తింటుంది, అదీ కంచంలోకి రాకముందే, గిన్నెలోంచి. మా వారు పప్పుచారులోకి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. అత్తయ్య మాత్రం, "బాగానే ఉన్నాయమ్మాయ్, కానీ వేపుడు అనకు, ఇంకేదైనా పేరు పెట్టు" అంటారు. ఆవిడ అన్నదాంట్లో నిజముంది. మూకుడులో నిదానంగా మగ్గి, ఉప్పూ కారం లోపలికంటా దిగిన రుచి దీనికి రాదు. ఇందులో రుచంతా పైపూతదే. అన్నంలో కలుపుకుంటే తేలిపోతుంది. ముద్దకి ముద్దకి మధ్య నంజుకుంటేనే దీని అందం. పెరుగన్నంతో ఇంకా బాగుంటుంది.

నిలవ ఉండదన్నదీ ముందే చెప్పాలి. మూత పెట్టిన పది నిమిషాలకి సొంత ఆవిరికే మెత్తబడుతుంది. లంచ్ బాక్సులో పెట్టి పంపితే మధ్యాహ్నానికి మళ్ళీ మొదటికే. చల్లారినవాటిని 180లో రెండు నిమిషాలు పెడితే కొంతవరకు తిరిగి వస్తాయి గానీ, వెల్లుల్లి చేదెక్కుతుంది, కాబట్టి తాలింపు వేయకముందే పక్కకి తీసి ఉంచుకోవాలి. బాక్సులోకి ఇప్పటికీ కొబ్బరి కూరే పంపుతున్నాను. నలుగురి కంటే ఎక్కువమంది భోజనానికి వస్తే వాయి మీద వాయి వేస్తూ నిలబడే ఓపిక నాకు లేదు, ఆ రోజు అత్తయ్యదే రాజ్యం, మూకుడు పొయ్యెక్కుతుంది.