అందరినీ పిలిచిన రాత్రి పూయని బ్రహ్మకమలం

నిన్న రాత్రి మా బాల్కనీలో మూడు బ్రహ్మకమలాలు పూశాయి. పొద్దున్న ఆరింటికి ఇది రాస్తుంటే మూడూ పిండి ఆరేసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి. నాకేం దిగుల్లేదు. అర్ధరాత్రి దాకా కళ్లారా చూశాను. వాసన ఇంకా కర్టెన్లని వదల్లేదు. ఈసారి ఫ్లాట్ల వాళ్లనెవర్నీ పిలవలేదు. ఎందుకో చెప్పాలంటే కిందటేడాది సంగతి చెప్పాలి.

ముందు మొక్క సంగతి రెండు ముక్కల్లో. 2021లో రోడ్డు పక్క నర్సరీలో "బ్రహ్మకమలమేనమ్మా, గ్యారంటీ" అంటే నూట యాభై ఇచ్చి తెచ్చాను. మూడు పలకల కాడ, అంచుల్లో ముళ్లు. ఆర్నెల్లు పెంచాక మా తమ్ముడు చూసి పడీపడీ నవ్వాడు, "అక్కా, ఇది డ్రాగన్ ఫ్రూట్!" అదీ కాక్టస్సే, అదీ రాత్రే పూస్తుంది కాబట్టి నర్సరీ అతను సగం అబద్ధమే ఆడాడనుకోవాలి. దాన్ని అమ్మావాళ్ల పెరట్లో సిమెంటు స్తంభానికి పాకించాం. ముళ్లుంటే మాత్రం కొనకండి, అంతే.

తర్వాత తెనాలి పిన్ని జానెడేసి ఆకులు రెండు కోసిచ్చింది. నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి నాటాను. కాస్త ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు, నలగ్గొట్టిన బొగ్గు. ఒకటి బతికింది. రెండోది మా అత్తగారు రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసి కుళ్లబెట్టారు. ఇక మూడేళ్లు ఆకులే ఆకులు. మనం ఆకు అనుకునేది నిజానికి కాండమేనట. మొగ్గ కూడా దాని అంచు నొక్కుల్లోంచే పుడుతుంది.

కిందటి శ్రావణంలో రెండు మొగ్గలు పట్టాయి. ఫోటోకి బాగుంటుందని కుండీని అటు తిప్పాను. నాలుగు రోజుల్లో ఒకటి పసుపెక్కి రాలిపోయింది. మొగ్గ కనిపించాక కుండీ మీద చెయ్యి వెయ్యకండి, ఊడ్చేటప్పుడు కూడా. మిగిలినదాన్ని రోజుకి పదిసార్లు చూసేదాన్ని. నాలుగో వారానికి పొడుగు వంకాయంత అయింది. అంత లావయ్యాక ఇంకేం ఆగుతుంది అనుకుని అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ పెట్టేశాను: "ఈ రాత్రి మా ఇంట్లో బ్రహ్మకమలం విచ్చుకుంటుంది. అందరూ రండి."

ఎనిమిదింటికి మొదలయ్యారు. పిల్లలతో కలిపి పదహారు మంది. నేను పులిహోర కలిపాను. అత్తగారు పట్టుచీర కట్టుకుని హారతి పళ్లెం పట్టుకుని మొగ్గ ముందు పీట వేసుకున్నారు. ఎవరో దానికి కుంకుమ బొట్టు పెట్టారు. పక్క ఫ్లాట్ వదిన డాలస్‌లో ఉన్న కూతురికి వీడియో కాల్ చేసి ఫోను మొగ్గ ముందు పట్టుకుని నిలబడింది. తొమ్మిదైంది, పదైంది. మొగ్గ ముక్కు బిగించుకుని అలాగే ఉంది. పులిహోర మాత్రం అయిపోయింది.

పదకొండింటికి పైఫ్లోర్ రిటైర్డ్ లెక్చరర్ గారు గొంతు సవరించుకున్నారు. అసలిది బ్రహ్మకమలమే కాదట. అసలుది హిమాలయాల్లో పూస్తుంది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, పొద్దుతిరుగుడు కుటుంబం. మనది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే కాక్టస్, పేరు ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. అంతా నిజమే. కానీ హారతి పళ్లెం పట్టుకుని మూడు గంటలుగా కూర్చున్న మనిషి ముందు చెప్పాల్సిన నిజమా అది? "బ్రహ్మగారి పువ్వు మెక్సికోలో పుట్టడమేమిటండీ, విడ్డూరం" అన్నారు అత్తగారు. ఆయన స్పెల్లింగ్ చెప్పడం మొదలుపెట్టారు. ఒక పిల్లాడు మొగ్గని వేళ్లతో విప్పబోయాడు. చేతి మీద ఒక్కటిచ్చాను. వాళ్లమ్మ నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు. పన్నెండున్నరకి చెప్పులు వేసుకుంటూ సెక్రటరీ గారు, "ఏమ్మా, బ్రహ్మగారికి కబురు అందలేదా?" అన్నారు. అందరూ నవ్వారు. మావారు కూడా.

మర్నాడు లిఫ్టులో మొహాలు చూడలేక సామర్లకోటలో మేనత్త మనవరాలి రిసెప్షన్‌కి అందరం వెళ్లిపోయి రాత్రికి అక్కడే పడుకున్నాం. తెల్లారి వచ్చేసరికి పువ్వు మెడ వాల్చేసి ఉంది. వాచ్‌మన్ బ్యాగ్ అందుకుంటూ, "రాత్రంతా మీ బాల్కనీ వైపు నుంచి ఏదో సెంటు వాసన కింద దాకా కొట్టిందమ్మా" అన్నాడు. ఆ రోజు కూర్చుని ఏడ్చాను. పువ్వు కోసం ఏడుపేమిటి అనకండి. మూడేళ్లు నీళ్లు పోసి చూడండి, తెలుస్తుంది.

నేను చేసిన తప్పు మొగ్గ లావు చూసి నమ్మడం. ఈ ఏడు చూసి నేర్చుకున్నది ఇదీ: గొట్టం మొదట కిందికి వేలాడుతుంది, తర్వాత కొడవలిలా వంగి తల పైకెత్తుతుంది. పూసే రోజు సాయంత్రం నాలుగూ ఐదింటికల్లా మొగ్గ చుట్టూ అంటుకుని ఉన్న గులాబీ రంగు రేకలు విడివడి నిలబడతాయి, కొసన బియ్యపు గింజ పట్టేంత సందు వస్తుంది. ఆ సందు లేకపోతే ఆ రాత్రికి లేనట్టే. కిందటేడాది కొస గట్టిగా ముడేసినట్టు ఉంది. చూశాను కూడా. మెసేజ్ పెట్టే తొందర.

నిన్న ఏడున్నరకి మొదలైంది. పక్కనే కూర్చుంటే రేకలు ఉలిక్కిపడినట్టు కదలడం కంటికి తెలుస్తుంది. పదకొండింటికి మూడూ పళ్లేల్లా విప్పారాయి. లోపల శేషపాన్పు కనిపిస్తుందంటారు. అత్తగారికి కనిపించింది. నాకు కేసరాల గుత్తి, వాటి ముందు తెల్లటి నక్షత్రంలా కీలాగ్రం, అంటే పుప్పొడి అందుకునే కొస, కనిపించాయి.

పదకొండున్నరకి కిందికెళ్లి వాచ్‌మన్‌నీ వాళ్లావిడనీ పిలుచుకొచ్చాను. అతను గుమ్మం బయట చెప్పులు విడిచి, బాల్కనీలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇదేనమ్మా ఆ రోజు కొట్టిన వాసన" అన్నాడు.

ఐదున్నరకి ఫోటోలు గ్రూపులో పెట్టాను. లెక్చరర్ గారు వెంటనే "ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్" అని పెట్టారు. సెక్రటరీ గారు "మమ్మల్ని పిలవలేదేం?" అన్నారు. ఇంకా జవాబు ఇవ్వలేదు.