పాప పేరు వెంగమాంబ, తల్లి పేరు హర్షిత

ఈ ఉదయం పదకొండున్నరకు మా పాప జనన ధ్రువపత్రం సరైన రూపంలో నా చేతికి వచ్చింది. పాప పుట్టి ఇవాళ్టికి 83 రోజులు. శిశువు పేరు ఉండవలసిన చోట వెంగమాంబ అనీ, తల్లి పేరు ఉండవలసిన చోట హర్షిత అనీ ఉన్నాయి. ఇందులో సంబరపడడానికి ఏముందని ఎవరికైనా అనిపిస్తే, కోపం చల్లారకముందే రాస్తున్న ఈ నాలుగు మాటలూ ఓపికగా చదవాలని కోరుతున్నాను.

పాప మృగశిర మొదటి పాదంలో పుట్టింది. ఆ నక్షత్రం నాలుగు పాదాలకూ వే, వో, కా, కీ అక్షరాలు గనుక పేరు 'వే'తో మొదలైతే మంచిదని పంతులుగారు చెప్పారు. ఆ మాట బయటికి పొక్కిన గంటలోపే బంధువుల వాట్సాప్ గ్రూపులో వేదశ్రీ, వేదిక, వేదాన్షి వరుసకట్టి వచ్చిపడ్డాయి. మా వీధిలో ఇప్పటికే ఇద్దరు వేదశ్రీలు ఉన్నారు. నా సంగతి అంతకంటే ఘోరం. ఇంజినీరింగులో మా తరగతిలో నలుగురు హర్షితలం ఉండేవాళ్లం, హాజరు వేసేటప్పుడు ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని బట్టి మమ్మల్ని వేరు చేసేవారు. నాలుగేళ్లు నేను ఒక అక్షరంగా బతికాను. నా కూతురికి ఆ గతి పట్టకూడదని అప్పుడే అనుకున్నాను.

మా ఆయన వాళ్ల అవ్వ పేరు వెంగమ్మ. వాయల్పాడు దగ్గరి పల్లె ఆమెది. ఆ ప్రాంతంలో ఈ పేరు ఎందుకంత ఎక్కువగా వినిపిస్తుందో మా జిల్లావాళ్లకు చెప్పనక్కరలేదు, తరిగొండ అక్కడికి దగ్గరే. వేంకటాన్ని తమిళులు వేంగడం అని పలికినట్టే, వెంకమ్మ మా వైపు నోళ్లలో వెంగమ్మ అయింది. 1730లో పుట్టిన తరిగొండ వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, తల గొరిగించుకోవడానికి ఒప్పుకోక, ఊరు వదిలి తిరుమల చేరి, కావ్యాలు రాసి, అక్కడే కన్నుమూసిన మనిషి. ఈనాటికీ స్వామివారికి రాత్రి ఏకాంతసేవలో ఇచ్చే ముత్యాల హారతి ఆమె పేరు మీదనే సాగుతోంది. ఆమె పేరున్న అన్నప్రసాద భవనంలో కడుపునిండా భోంచేసి, కొండ దిగి వచ్చి, ఆ పేరు మరీ పాతకాలపుదని నాకు చెప్పినవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ నాకు దగ్గరి చుట్టాలే.

మా అమ్మ చిత్తూరు నుంచి ఫోను చేసి, "పాచిపని చేసేవాళ్ల పేరు పెడతావా బిడ్డకు?" అని అడిగింది. మా చిన్నప్పుడు మా ఇంట్లో అంట్లు తోమిన ఆమె పేరు నిజంగానే వెంగమ్మ. ఆమె చంకనెక్కి అన్నం తిన్న పిల్లను నేను. మనకు ఒక పేరు మోటుగా వినిపించేది అక్షరాల వల్ల కాదు, ఆ పేరుతో మనం ఎవరిని పిలిచి ఏ పని చెప్పామో గుర్తుండడం వల్ల. ఈ మాట అమ్మతో అన్నాను. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు, నేను కూడా బతిమాలలేదు.

మా అత్తగారి అభ్యంతరం వేరు. ఆమెకు పేరు ఇష్టమే, కానీ అది ఆమె అత్తగారి పేరు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ పేరును ఆమె నోటితో పలకలేదు. పాపను ఏమని పిలవాలి, అల్లరి చేస్తే ఏమని తిట్టాలి అన్నది ఆమె బాధ. వెంగమాంబ అని రాయించుకుని, ఇంట్లో మేము వెంగమ్మ అనేటట్టు, ఆమె మాత్రం 'పెద్దమ్మా' అని పిలిచేటట్టు ఒప్పందం కుదిరింది. నామకరణం పదకొండో రోజున పళ్లెంలో బియ్యం పోసి, మా ఆయన ఉంగరంతో పేరు రాయడంతో చల్లగా జరిగిపోయింది.

అసలు కథ ఆసుపత్రిలో మొదలైంది. ఆసుపత్రి పేరు గానీ, తరువాత వచ్చే కార్యాలయం పేరు గానీ రాయను, మాకు వాటితో ఇంకా పనులున్నాయి. జననాన్ని 21 రోజుల్లోపల నమోదుకు పంపాలి గనుక, పేరు పెట్టిన మూడు రోజులకు నేను వెళ్లి, అక్కడి అమ్మాయి ఇచ్చిన చీటీ మీద రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసి ఇచ్చాను. ఏది ఎవరిదో రాయలేదు. అదే నేను చేసిన తప్పు. ఆ అమ్మాయి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు తన తెలివిని ఉపయోగించి, హర్షిత అంటే పుట్టిన బిడ్డ అనీ, వెంగమాంబ అంటే కన్నతల్లి అనీ నిర్ణయించుకుంది. నెల తరువాత వచ్చిన ధ్రువపత్రంలో నేను నా కూతురికి పుట్టినట్టు ఉంది.

ఆసుపత్రివాళ్లు తమ పని అయిపోయిందనీ, కార్యాలయంలో దిద్దించుకోవాలనీ అన్నారు. కార్యాలయంలోని గుమాస్తా, ఆసుపత్రి పంపినదే తాము ముద్రించామనీ, వాళ్లనే అడగాలనీ అన్నాడు. ఎండలో పసిబిడ్డను ఎత్తుకుని రెండింటి మధ్య మూడుసార్లు తిరిగాను. మూడోసారి నా ఆధార్ కార్డు గాజుపలకకు ఆనించి చూపించినప్పుడు ఆయన దాన్ని చూసి, పాపను చూసి, పక్క బల్ల దగ్గర ఉన్నవాళ్లకు వినపడేటట్టు, "తల్లికేమో హర్షిత, బిడ్డకేమో వెంగమాంబ. రివర్సులో పెట్టినారు సార్ వీళ్లు" అన్నాడు. అందరూ నవ్వారు. వరుసలో నా వెనక నిలబడినవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వుతో ఆగినా బాగుండేది. "అత్తగారి బలవంతమామ్మా? ఎట్లాగూ మారుస్తున్నాం కదా, మంచి పేరేదైనా చెప్పు, అదే ఎక్కిస్తా" అని దయ కూడా చూపించాడు. పదేళ్లుగా ఉద్యోగం చేస్తూ, సమావేశాల్లో ఇరవైమంది ముందు ధైర్యంగా మాట్లాడే నేను, ఆ కిటికీ ముందు ఒక్క మాట కూడా పెగలక, ధ్రువపత్రాన్ని మడిచి సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఆటోలో ఏడ్చాను.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 15వ సెక్షను తప్పులు దిద్దడానికే ఉంది. తప్పు రాతలో దొర్లినది కాక విషయంలోనే ఉంటే, సంగతి తెలిసిన నమ్మకస్తులు ఇద్దరు వాస్తవమేమిటో ప్రకటిస్తూ పత్రం ఇవ్వాలి. ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. పేరు లేకుండా జననం నమోదైనా, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. నేను అంత తొందరపడి చీటీ ఇవ్వవలసిన పనే లేదు. అలాగని ఊరుకోవడానికీ వీల్లేదు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర నుంచి పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి ఈ ధ్రువపత్రమే ఆధారం.

ఇద్దరు సాక్షులుగా మా పక్కింటి విశ్రాంత ఉపాధ్యాయుడు, మా అత్తగారు వచ్చారు. ఈసారి మమ్మల్ని లోపలి గదిలోని అధికారి దగ్గరికి పంపారు. ఆయన మర్యాదస్తుడే. పక్కింటి మాస్టారిని అడగవలసినవి అడిగి, మా అత్తగారి వైపు తిరిగి, "మీ మనవరాలి పేరేమిటమ్మా?" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. ఆయన మళ్లీ అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనవరాలి పేరు చెప్పలేని నాయనమ్మ సాక్ష్యం ఎలా చెల్లుతుందన్న అనుమానం ఆయన ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది. నేను నోరు తెరవబోతే, "మీరు చెప్పకూడదు, ఆమే చెప్పాలి" అని ఆపాడు. చివరికి మా అత్తగారు ఎంతో ఆలోచించి, "కొండ మీద ముత్యాల హారతి ఆయమ్మ పేరు, సార్" అంది. పక్కనే కంప్యూటరు ముందున్న కుర్రవాడు, "హారతి అని కొట్టేదా సార్?" అన్నాడు.

నాకు గుండె ఆగినంత పనయింది. మా అత్తగారు మాత్రం బల్ల మీది కలాన్ని అడగకుండానే తీసుకుని, ప్రకటన పత్రం అంచున, నిదానంగా, సున్నతో సహా, వెంగమాంబ అని రాసింది. నోటితో అనకూడదు గానీ చేత్తో రాయకూడదని ఎవరూ ఆమెకు చెప్పలేదట. అధికారికి అప్పుడు అర్థమైంది. "మా అమ్మ కూడా అంతే" అన్నాడు, సంతకం పెట్టాడు. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన ఆమె అక్షరం నా అక్షరం కంటే గుండ్రంగా ఉంటుందని నాకు ఆనాడే తెలిసింది.

నన్నడిగితే పిల్లల పేర్ల యాప్‌లనూ, ఇంగ్లీషు స్పెల్లింగులో ఇంకొక 'ఏ' కలిపితే అదృష్టం కలిసివస్తుందని చెప్పిన మా ఆయన పెద్దమ్మ కొడుకునూ సమానంగా దూరం పెట్టమంటాను. పేరును మాత్రం చీటీ మీద ఊరికే రాసి ఇవ్వవద్దు. రెండు భాషల్లోనూ విడివిడి అక్షరాలతో రాసి, ఏది ఎవరిదో ఎదురుగా రాసి, వాళ్లు ఎక్కించింది తెర మీద చదివాకే అక్కడి నుంచి కదలాలి. తెర చూపించడం కుదరదని అంటారు. కుదురుతుంది.

ఇవాళ ధ్రువపత్రం ఇచ్చింది ఆ పాత గుమాస్తానే. ఆయన ఏమీ అనలేదు, నేనూ అనలేదు. రేపు పాప ఆధార్ కోసం వెళ్లాలి. తెల్లకాగితం మీద 'పాప పేరు' అని పెద్దగా రాసి, కింద రెండు గీతలు గీసి సంచిలో పెట్టుకున్నాను. మా అత్తగారు కూడా వస్తానంటోంది, కలం తనదే తెచ్చుకుంటుందట.