పాత పోలీసు పత్రికలు: స్కాన్ అన్నీ చేస్తా, బయట అన్నీ పెట్టను

నేను ఖాకీ వేసుకున్న మనిషిని కాదు. పోలీసు ఆఫీసుల్లో మినిస్టీరియల్ స్టాఫ్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇంక్రిమెంట్లు, జీపీఎఫ్ అడ్వాన్సులు, రివార్డు రోల్స్, పనిష్మెంట్ ఫైళ్లు, పెన్షన్ ప్రపోజల్స్, ఇదీ నా సర్వీసు. ఎవరు ఏ దొంగని పట్టుకున్నారో నాకు అంతగా తెలిసేది కాదు గానీ, ఎవరి ఇంక్రిమెంటు ఎందుకు ఆగిందో మాత్రం బాగా తెలిసేది. ఇప్పుడు ఖాళీగా ఉండలేక ఇంకో కాగితాల పని నెత్తినేసుకున్నాను. డిపార్ట్‌మెంటు తన సిబ్బంది కోసం వేసుకున్న పాత మాసపత్రికలు సేకరించి, దుమ్ము దులిపి, స్కాన్ చేసి దాస్తున్నాను.

"అందులో ఏముంటుంది, ఆఫీసర్ల ఫొటోలు తప్ప?" అని మా ఆయనే అడిగారు. ముందు నాలుగు పేజీలకి ఆ మాట నిజమే. సందేశం, శంకుస్థాపన, గార్డ్ ఆఫ్ ఆనర్, మళ్లీ సందేశం. అసలు సరుకంతా వెనక పేజీల్లో. పదవీ విరమణలు, జిల్లా వార్తలు, పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన సిబ్బంది పిల్లల ఫొటోలు, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్ రాసిన పద్యాలు, డాగ్ స్క్వాడ్‌లో చనిపోయిన కుక్కకి నివాళి. చివరి అట్ట మీద ఖాకీ కుట్టే టైలర్ ప్రకటన, బెల్టులూ విజిల్ తాళ్లూ కూడా దొరుకుతాయని, కింద మూడంకెల ఫోన్ నంబరు. చాలామంది స్కాన్ చేసేటప్పుడు ప్రకటనలు వదిలేస్తారు. నేను ఆ టైలర్‌ని వదల్లేదు. యూనిఫాం ఎక్కడ కుట్టించుకునేవాళ్లో ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ దొరకదు.

ఇవి ఎందుకు మిగల్లేదో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను. పాత పద్ధతిలో ఏ ఫైలు ముగించినా దానికో గుర్తు వేస్తాం. ఆర్.డిస్ అంటే ఎప్పటికీ ఉంచాలి, డి.డిస్ అంటే పదేళ్లు, ఎల్.డిస్ అంటే ఏడాది. పత్రికకి ఏ డిస్సూ ఉండదు. అది ఫైలు కాదు, రిజిస్టరు కాదు, లైబ్రరీ పుస్తకమూ కాదు. ఎవరి సీటుకీ చెందని వస్తువు ఆఫీసులో బతకదు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో బీరువా నిండా ఉన్న బైండ్లు తూకానికి వెళ్లిపోయాయి. తూకం వేసిన రసీదు మాత్రం పద్ధతిగా ఫైల్ చేశారు. దానికి డిస్ నంబరు కూడా పడింది.

అందుకని నా సేకరణంతా ఇళ్లనుంచే. రిటైరైనవాళ్ల ట్రంకు పెట్టెలు, అటక మీది గోనెసంచులు. ఫొటో పడిన సంచికని ఎవరూ పారెయ్యరు, అదే నాకు కలిసొచ్చింది. నాకు తోడు ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఉన్నారు. స్టేషన్లో రికార్డులు రాసే రైటర్‌గా చాలాకాలం చేశారు కాబట్టి ఇప్పటికీ రైటర్ గారనే పిలుస్తాను. ఏ ఇంట్లో ఏ సంవత్సరాలవి దొరుకుతాయో ఆయనకే తెలుసు. కంప్యూటర్ పని మా చెల్లెలి కొడుకుది.

కాగితం సంగతికొస్తే, లోపలి పేజీలు న్యూస్‌ప్రింట్, అట్ట ఆర్ట్ పేపరు. రెండింటి జబ్బులూ వేరు. న్యూస్‌ప్రింట్‌లో కలప గుజ్జు ఉంటుంది, అందులోని లిగ్నిన్ వల్ల ఎండకీ గాలికీ పసుపెక్కి, మూల మడిస్తే విరిగిపోయే స్థితికొస్తుంది. ఆర్ట్ పేపరు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గానీ ఒక్కసారి తడిసి ఆరిందంటే పేజీకి పేజీ అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నవాటిని లాగకూడదు, లాగితే ఫొటో పక్క పేజీ మీదికి పోతుంది. ఒక సంచిక నా దగ్గర ఇప్పటికీ ఇటుకలా అలాగే ఉంది. లామినేషన్ పిచ్చి ఉన్నవాళ్లకి దణ్ణం పెట్టి చెప్తున్నాను, చేయించకండి. వేడికి కరిగి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ రాదు. సెల్లో టేపు కూడా అంతే, నాలుగేళ్లకి టేపు ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం కాగితంలోకి దిగి ఉండిపోతుంది.

పిన్నులు తియ్యడం నాకిష్టమైన పని. మధ్య పేజీ తెరిస్తే రెండు పిన్నుల కాళ్లు కనిపిస్తాయి. తుప్పు పట్టి కాగితంలోకి గోధుమరంగు దిగి ఉంటుంది. స్టేప్లర్ పళ్లతో పీకితే కాగితంతో సహా వస్తుంది. పల్చటి స్టీలు బద్దని కాలు కిందికి పోనిచ్చి, అటొకటి ఇటొకటి నిలువుగా లేపి, పుస్తకం తిరగేసి వీపు వైపునుంచి మెల్లగా లాగాలి. తుప్పుకి కాలు విరిగి లోపలే ఉండిపోతే పట్టకారు. పిన్నులు పోయాక సంచిక విడివిడి షీట్లయిపోతుంది, అప్పుడు స్కానర్ అద్దం మీద బల్లపరుపుగా పడుకుంటుంది.

ఇక్కడే ఒక లెక్కుంది. ముప్పై రెండు పేజీల పుస్తకంలో ఒక షీటు మీద పక్కపక్కన ఉండే రెండు పేజీలు కూడితే ఎప్పుడూ 33 వస్తుంది. 1 పక్కన 32, 2 పక్కన 31, నట్టనడుమ 16 పక్కన 17. కాబట్టి ఒక షీటు ఊడిపోతే నాలుగు పేజీలు పోతాయి, అవీ ఒకచోట కాదు. 9, 10 లేవంటే 23, 24 కూడా ఉండవు. 9లో మొదలైన వ్యాసానికి ముగింపు లేకపోవడమే కాదు, వెనకెక్కడో ఆటల పేజీ కూడా పోయినట్టే. కొత్త కట్ట చేతికి రాగానే నేను ముందు చేసేది ఈ కూడికే.

స్కానింగ్‌లో నాదొకటే పట్టుదల, రంగుల్లోనే చెయ్యాలి. పేజీ నలుపు తెలుపే అయినా సరే. మావాడు "పెద్దమ్మా, ఫోన్ యాప్‌లో తీస్తే పేజీ తెల్లగా నీట్‌గా వస్తుంది కదా" అన్నాడు. ఆ నీటుతనమే వద్దంటాను. పేజీని తెల్లగా చేసే క్రమంలో యాప్ పెన్సిల్ రాతల్ని మచ్చలనుకుని తుడిచేస్తుంది. ఒక గ్రూప్ ఫొటో కింద ఎవరో ఆకుపచ్చ సిరాతో ఒక్కొక్కరి తల పైనా అంకెలేసి, మార్జిన్‌లో పేర్లు రాసుకున్నారు. పత్రికవాళ్లు 'కూర్చున్నవారు ఎడమ నుంచి' అని ఆఫీసర్ల పేర్లే వేశారు. వెనక నిలబడ్డ కానిస్టేబుళ్ల పేర్లున్నది ఆ ఆకుపచ్చ రాతలోనే. ఇద్దరి పేర్ల పక్కన తర్వాతెప్పుడో పెన్సిల్‌తో 'కీ.శే.' అని చేర్చారు.

400 డీపీఐలో, అంటే అంగుళానికి 400 చుక్కల చొప్పున తీసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాస్తాం. ఒక్క ఏ4 పేజీ సుమారు 46 ఎంబీ తింటుంది, అట్టలతో కలిపి సంచికకి ఒకటిన్నర జీబీ పైమాటే. చదువుకోడానికి చిన్న పీడీఎఫ్ వేరేగా చేసుకోవచ్చు, చిన్నదాన్నుంచి పెద్దది మాత్రం రాదు. ఫైలు పేరులో సంవత్సరం, నెల, పేజీ తప్ప వేరే కవిత్వం ఉండకూడదు. కాపీలు మూడు, అందులో ఒకటి వేరే ఊళ్లో.

అక్షరాలు గుర్తుపట్టించడం దగ్గర మాత్రం ఓపిక నశిస్తోంది. బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ తెలుగుకి ఇప్పుడు బాగానే ఉంది, టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, గూగుల్‌ది ఇంకా మెరుగు. కానీ పాత ప్రెస్సులో అరిగిపోయిన టైపు, కిందికి జారిన ఒత్తులు, సిరా పూడిపోయిన పొట్టలు. 'మ'ని 'య' అంటుంది, 'ప'ని 'వ' అంటుంది. వ్యాసంలో అయితే చదివేవాళ్లు సర్దుకుంటారు, పేర్లలో అయితే మనిషే మారిపోతాడు. అందుకే పేర్లున్న పేజీలన్నీ చేత్తో సరిచూస్తున్నాం, మిగతావి అలాగే వదిలేస్తున్నాం. కంప్యూటర్‌లో పేజీలు పేర్చే డీటీపీ వచ్చాక సంచికలు పేజ్‌మేకర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లలో చేసేవారు. ఒకాయన ఎంతో ప్రేమగా పాత సీడీ ఇచ్చారు. తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ డాలర్ గుర్తులూ. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ అదంతా మావాడి టెన్షన్, నాది కాదు.

ఇంత కష్టం దేనికంటే, ఆటల సంగతే తీసుకోండి. సయ్యద్ అబ్దుల్ రహీం తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ కథ పుస్తకాల్లో ఉంది, దానికి నా స్కానర్ అక్కర్లేదు. జిల్లా స్పోర్ట్స్ మీట్‌లో షాట్‌పుట్‌లో మూడో స్థానం వచ్చిన హోంగార్డు ఎక్కడున్నాడు? ఈ పత్రికలో ఒక్క లైన్లో ఉన్నాడు. అమరవీరుల సంగతీ అంతే. 1959 అక్టోబరు 21న లడఖ్‌లో హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు చనిపోయినందుకు దేశమంతా ఏటా ఆ రోజు సంస్మరణ జరుపుతుంది, ఆ ఏడాది చనిపోయిన వాళ్ల పేర్లు చదువుతారు. చదివిన పేరు గాలిలో కలిసిపోతుంది. అక్టోబరు, నవంబరు సంచికల్లో మాత్రం ఆ పేరు, నంబరు, స్టేషన్ అచ్చులో ఉంటాయి. నేను అన్నిటికంటే ముందు స్కాన్ చేయించినవి ఆ రెండు నెలలవే.

ఇక అసలు తగువు. స్కాన్ అయినవన్నీ నెట్‌లో పెట్టేద్దామని మావాడు, పెట్టకూడదని నేను.

పోలీసు పత్రికలో 'ఛేదించిన కేసులు' అని ఒక శీర్షిక ఉంటుంది. పాత సంచికల్లో అత్యాచార బాధితురాలి పేరు, ఊరు, తండ్రి పేరుతో సహా వేసేశారు. అప్పటికి దాన్ని తప్పనే చట్టం లేదు, బాధితురాలి పేరు బయటపెట్టకూడదని 228ఎ సెక్షన్ ఐపీసీలోకి వచ్చింది 1983లోనే. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. జువెనైల్ జస్టిస్ చట్టంలో పిల్లలకీ అలాంటి రక్షణే ఉంది. అప్పుడు అచ్చయిపోయింది కదా అంటే నేనొప్పుకోను. మూలన పడున్న పత్రికలో ఉండడం వేరు, ఊరి పేరు కొట్టగానే ఫోన్‌లో రావడం వేరు. ఆవిడ ఇప్పుడు ఎవరికో అమ్మమ్మ అయి ఉంటుంది.

ఇంకో రకం పేజీలున్నాయి. దొంగతనాల మీద పాఠం చెప్తూ ఫలానా కులం వాళ్లు ఇలా చేస్తారని మొత్తం కులాన్నే ముద్దాయిని చేసే వ్యాసాలు. కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లోనే దేశమంతటా రద్దయింది, ఆ భాష మాత్రం పోలేదు. బాపట్ల పక్కన స్టువర్టుపురం ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలని తెచ్చిపెట్టిన సెటిల్‌మెంటు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో నడిచింది. ఆ ఊరి పేరు చెప్తే ఈనాటికీ ఇల్లు అద్దెకివ్వడానికి తటపటాయించేవాళ్లున్నారు. ఆ వ్యాసాల్ని చింపెయ్యాలనీ, దాచెయ్యాలనీ నేననడం లేదు. డిపార్ట్‌మెంటు తన వాళ్లకి ఏం నేర్పిందో చెప్పే సాక్ష్యం అది, పరిశోధన చేసేవాళ్లు వచ్చి కూర్చుని పూర్తిగా చదువుకోవాలి. గూగుల్లో మాత్రం విడి ముక్కగా తేలకూడదు.

లొంగిపోయిన నక్సలైట్ల ఫొటోలు, పేర్లు, ఊళ్లున్న పేజీల దగ్గర రైటర్ గారు నాకంటే గట్టిగా ఉన్నారు. "అమ్మా, కేసు క్లోజైనా కక్ష క్లోజవదు. ఆ పేజీ మూసెయ్యండి" అన్నారు. మూసేశాం. మూయడమంటే టిఫ్ ఫైలు యథాతథంగా ఉంటుంది, బయటికిచ్చే పీడీఎఫ్‌లో ఆ పేజీ స్థానంలో 'ఈ పేజీ భద్రపరిచాం, చూపించడం లేదు, కారణం ఇది' అన్న తెల్ల కాగితం ఉంటుంది. పేజీ కనపడకుండా నంబరు దాటించేస్తే చదివేవాడు షీటు ఊడిపోయిందనుకుంటాడు. అది అబద్ధం కిందికే వస్తుంది.

కాపీరైటు గొడవ ఇంకొంచెం ఉంది. ప్రభుత్వ ప్రచురణ అయితే అచ్చయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. కానీ కానిస్టేబుల్ డ్యూటీ దిగాక రాసుకున్న పద్యం ప్రభుత్వ ప్రచురణ ఎలా అవుతుంది? పద్యాలు రాయడం ఆయన డ్యూటీ కాదు కదా. దాని హక్కు ఆయనదే, ఆయన పోయాక 60 ఏళ్లు వారసులది. దొరికినవాళ్లని అడుగుతున్నాం. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. ఒకాయన మాత్రం "పెట్టండమ్మా, కానీ రెండో పాదంలో యతి తప్పింది, అది సరిచేసి పెట్టండి" అన్నారు. అచ్చులో ఎలా ఉందో అలాగే ఉంచి, ఆయన సవరణ కింద వేరేగా వేస్తామంటే గంటసేపు వాదించి చివరికి సరేనన్నారు.

పాత సంచికలు మీ ఇంట్లో ఉంటే పిన్నులు మీరు తియ్యకండి, కలరా ఉండలు వెయ్యకండి, కట్టకి రబ్బరు బ్యాండు ఉంటే తీసేసి నూలు తాడు వదులుగా కట్టండి. నాకు ఇచ్చెయ్యక్కర్లేదు, స్కాన్ చేసి వెనక్కి తెచ్చిస్తాం. ముఖ్యంగా 1978 నవంబరు సంచిక ఎవరి దగ్గరైనా ఉందేమో చూడండి. నాకు దొరికిన కాపీలో 5, 6, 27, 28 పేజీలు లేవు. విషయసూచిక ప్రకారం 5వ పేజీలో మొదలయ్యేది ఆ ఏడాది అమరుల జాబితా.