వేలి మందం సందులో స్క్రూ

స్నూకర్‌లో వైట్‌కీ (క్యూ కర్రతో మనం కొట్టే తెల్ల బంతి) రెడ్‌కీ (అది తాకాల్సిన ఎర్ర బంతి) మధ్య రెండు జానల దూరం ఉంటే, స్క్రూ, అంటే రెడ్‌ని తాకాక వైట్ వెనక్కి వచ్చే షాట్, కొంచెం సాధనతో ఎవరికైనా వస్తుంది. వేలి మందం సందు మాత్రమే ఉన్నప్పుడే అసలు పరీక్ష. హైదరాబాద్‌లో నేను ఆడే పార్లర్‌కి కొత్తగా వచ్చే కుర్రాళ్లు తరచూ అడిగేది ఇదే: "అన్నా, ఇంత దగ్గర్లో వైట్ వెనక్కి రావట్లేదు. ఇంకా గట్టిగా కొట్టాలా?"

అక్కర్లేదు తమ్ముడూ. బలం కావాల్సింది దూరం షాట్‌కి. వైట్‌ని కింద కొడితే అది వెనక్కి తిరుగుతూ ముందుకు జారుతుంది. టేబుల్ మీది క్లాత్ రాపిడికి ఆ స్పిన్ దారి పొడవునా అరిగిపోతూ ఉంటుంది. అందుకే టేబుల్ అవతలి చివర ఉన్న రెడ్ మీద స్క్రూ చెయ్యాలంటే అంత ఊపు. దగ్గర్లో స్పిన్ అరగడానికి టైమే ఉండదు. రెడ్‌ని నిండుగా తాకగానే వైట్ వేగం దాదాపు మొత్తం రెడ్‌కి వెళ్లిపోతుంది, స్పిన్ మాత్రం వైట్‌లోనే మిగులుతుంది. ఆ స్పిన్ క్లాత్‌ని పట్టుకుని వైట్‌ని వెనక్కి లాగుతుంది. వానాకాలం క్లాత్ చెమ్మ పట్టి దూరం స్క్రూలు చచ్చిపోయిన రోజుల్లో కూడా దగ్గర స్క్రూ బాగానే పనిచేస్తుంది.

ఇబ్బందంతా క్యూతోనే. క్యూ కొసన ఉండే టిప్ వైట్‌ని తాకి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు. ఆ తర్వాత కూడా క్యూ ముందుకే పోతుంది. మామూలు షాట్‌లో వైట్ అప్పటికే దూరంగా వెళ్లిపోతుంది కాబట్టి పర్వాలేదు. ఇక్కడ మాత్రం వైట్ రెడ్‌ని గుద్ది ఆగిన చోటికే టిప్ వచ్చి మళ్లీ తగులుతుంది. అది ఫౌల్, కనీసం 4 పాయింట్లు అవతలివాడికి.

నాకు దీన్ని నేర్పింది మా పార్లర్‌లో స్కోరు చూసే మార్కర్. క్యూ వెనక తన అరచెయ్యి అడ్డం పెట్టేవాడు, బ్యాక్ స్వింగ్ రెండు మూడు అంగుళాలు దాటకుండా. బ్రిడ్జ్ చేతిని (క్యూ ముందు భాగాన్ని ఆనించే చెయ్యి) వైట్‌కి బాగా దగ్గరగా జరపమనేవాడు, వెనక చేతిని కూడా ముందుకి తెమ్మనేవాడు. "పెనం మీద వేలు తగిలితే చెయ్యి ఎట్ల వస్తది, అట్ల రావాలె క్యూ" అనేవాడు. భుజం కదలకూడదు, పనంతా మణికట్టుదే. టిప్ తగిలిన క్షణంలో వెనక చేతి వేళ్లు బిగిస్తే క్యూ అక్కడికక్కడే ఆగుతుంది. టిప్‌కి చాక్ మాత్రం ప్రతిసారీ రాయాలి. ఇంత కింద కొట్టేటప్పుడు టిప్ జారిందంటే షాట్ పోయినట్టే.

సందు మరీ తక్కువైతే క్యూ వెనక భాగం పైకెత్తి కొట్టొచ్చు. టిప్ కిందికి దిగి క్లాత్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి రెండోసారి తగిలే ప్రమాదం తగ్గుతుంది. కానీ మెల్లగా కొట్టాలి. లేదంటే వైట్ ఎగురుతుంది, క్లాత్ చిరిగితే ఓనర్‌కి సమాధానం చెప్పుకోవాలి. నేనైతే వీలున్నంతవరకూ కోణం వెతుకుతాను. రెడ్‌ని పక్కగా తాకితే వైట్ క్యూ దారిలోంచి తప్పుకుంటుంది. దాదాపు అంటుకున్న బంతిని చాలా సన్నగా, అంచు మీద తాకితే దాన్ని పుష్‌గా (టిప్‌తో వైట్‌ని నెట్టే ఫౌల్) లెక్కించకూడదని స్నూకర్ రూల్‌లోనే ఉంది. పూర్తిగా అంటుకునే ఉంటే ఈ షాట్ మాటే లేదు, ఆ బంతిని కదపకుండా వైట్‌ని అవతలికి ఆడాలి. పూల్‌లో అయితే అంటుకున్న బంతి వైపే కొట్టనిస్తారు.

పార్లర్‌లో రిఫరీ ఉండడు, కాబట్టి ఫౌల్ అయితే ఆడినవాడే చెప్పాలి. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. గుర్తుపట్టడం కష్టమేం కాదు. నిండుగా తాకిన షాట్‌లో, కింద కొట్టిన వైట్ ఆగకుండా రెడ్ వెనకాలే పరుగెత్తిందంటే టిప్ రెండోసారి తగిలిందన్నమాట. చెవికి రెండు చప్పుళ్లు విడిగా వినిపించవు, వైట్ నడకనే చూడాలి.

నేర్చుకునేవాళ్లు పాకెట్‌కి దగ్గర్లో రెడ్ పెట్టి, దాని వెనక ఒక చాక్ ముక్క పట్టేంత సందు వదిలి, పాకెట్‌కి సూటిగా వైట్ పెట్టండి. మొదట వైట్ ఒక్క బంతి వెడల్పు, అంటే 52.5 మిల్లీమీటర్లు, వెనక్కి వస్తే చాలు. అది ఫౌల్ లేకుండా వరసగా వస్తున్నాక జానెడు దూరానికి ప్రయత్నించండి.