మొగిలి ఘాటు ఎక్కే పాత పెట్రోలు బండికి ఏ కార్బురేటర్ వేయాలి?

మా ఇంట్లో ఉన్న మహీంద్రా ఎఫ్‌సీ-150 చిన్న ట్రక్కు ఇంకా పెట్రోలు ఇంజనుతోనే తిరుగుతోంది. చిత్తూరు చుట్టుపక్కల ఒకప్పుడు బెల్లమూ మామిడికాయలూ మోసిన ఈ రకం బండ్లలో చాలావాటికి యజమానులు ఎప్పుడో డీజిల్ ఇంజన్లు ఎక్కించేశారు. మిగిలిన కొద్దిమందిమి కలిసినప్పుడల్లా తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది: పాత కార్బురేటర్ (గాలిలో పెట్రోలును కలిపి ఇంజనుకు అందించే భాగం) అరిగిపోయింది, దాని స్థానంలో ఏది వేయాలి? చెన్నై పుదుపేట పాత విడిభాగాల బజారులో చేతికి దొరికినదో, ఇంటర్నెట్టులో అందరూ పొగిడినదో, ఎవరి కారు నుంచో విప్పినదో తెచ్చి బిగించడం, తర్వాత వారాల తరబడి స్క్రూలు తిప్పుతూ కూర్చోవడం ఇక్కడ మామూలైపోయింది. బండి ఏ బరువుతో, ఏ రోడ్డు మీద, ఇంజను ఏ వేగంలో ఉండగా ఎక్కువసేపు పనిచేస్తుందో తేల్చుకున్న తర్వాతే కార్బురేటర్ మాట ఎత్తాలని నేను అనుకుంటాను.

ఎఫ్‌సీ-150లో ఉన్నది విల్లీస్ హరికేన్ ఎఫ్-134 ఇంజను. నాలుగు సిలిండర్లు, 134 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 2200 సీసీ. ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లోనూ, ఎగ్జాస్టు వాల్వులు బ్లాకులోనూ ఉంటాయి. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలిని పీలుస్తుంది కాబట్టి, నిమిషానికి 4000 చుట్ల దగ్గర లెక్కకు 4400 లీటర్లు రావాలి. సిలిండర్లు ఎప్పుడూ పూర్తిగా నిండవు గనుక, నిజానికి పీల్చేది 3400 లీటర్ల చిల్లర, అంటే దాదాపు 120 ఘనపుటడుగులు. ఇది గరిష్ఠ వేగంలో సంగతి. చిత్తూరు నుంచి పలమనేరు వైపు బరువుతో మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు ఈ ఇంజను 2000 చుట్లకు అటూ ఇటూగానే ఉంటుంది, అంటే అవసరమయ్యే గాలి అందులో సగమే. వెంచురి (కార్బురేటర్ లోపల గాలి దూరే ఇరుకు దారి) మరీ పెద్దదైతే ఆ కాస్త గాలి అందులో నెమ్మదిగా కదులుతుంది, మెయిన్ నాజిల్ నుంచి పెట్రోలును లాగేంత పీల్పు పుట్టదు, యాక్సిలరేటర్ తొక్కగానే బండి దగ్గుతుంది. గుర్రపుబలం పెంచుకోవాలన్న మోజుతో పెద్ద కార్బురేటర్ వేసినవారు ఘాటులో గేరు తగ్గించుకుంటూ ఎక్కడం వెనుక ఉన్న కారణం ఇదే.

అందరూ పొగిడేది వెబర్ 32/36 కార్బురేటర్‌ను. దాని పేరు మోగింది అమెరికాలో, టొయోటా 20ఆర్, 22ఆర్ ఇంజన్లున్న పికప్పుల వల్ల. ఆ బండ్లకు కంపెనీ నుంచి వచ్చిన కార్బురేటర్ చుట్టూ కాలుష్య నియంత్రణ కోసం వాక్యూమ్ గొట్టాలు అల్లుకుని ఉండేవి, అవి ముదిరి చిట్లితే లోపం ఎక్కడుందో వెతకడం కష్టమయ్యేది. వాటన్నింటినీ పక్కనపెట్టి సరళమైన వెబర్‌ను బిగించుకోవడం అక్కడి యజమానులకు నిజంగా ఊరట. దీనిలో 32 మిల్లీమీటర్లది ఒకటి, 36ది ఒకటి, రెండు బ్యారెళ్లు (గాలి గొట్టాలు) ఉంటాయి. లోపలి వెంచురీలు 26, 27 మిల్లీమీటర్లు. మొదటిది చాలావరకు తెరుచుకున్నాకే రెండోది కదలడం మొదలుపెడుతుంది, అందుకే తక్కువ వేగంలోనూ అది మర్యాదగానే నడుస్తుంది. అయితే 22ఆర్ ఓవర్‌హెడ్ క్యామ్ (వాల్వులను కదిలించే క్యామ్‌షాఫ్టు హెడ్‌లోనే ఉండే) ఇంజను, ఎక్కువ చుట్ల దగ్గర ఊపిరి బాగా తీసుకుంటుంది. మన హరికేన్‌కు ఆ రెండో బ్యారెల్‌తో పని పడేది ఎప్పుడో ఒకసారి. పైగా ఒకే రంధ్రమున్న హెడ్ మీద దీన్ని కూర్చోబెట్టడానికి అడాప్టర్ పలక కావాలి. ఆ పలక లోపలి అంచులు నునుపుగా కలవకపోతే పెట్రోలు అక్కడ తడిగా పేరుకుని, ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరగడం) నిలకడగా ఉండదు. క్యాబిన్‌లో ఇంజను మీద మూసే డబ్బా కింద అడాప్టరూ, వెబరూ, ఎయిర్ ఫిల్టరూ కలిపి పట్టేంత ఎత్తు ఉందో లేదో కూడా డబ్బు పెట్టకముందే టేపుతో కొలుచుకోవాలి.

కార్టర్ వైఎఫ్ అనే మరో కార్బురేటర్ ఈ ఇంజనుకు సహజంగా సరిపోయేదే. కానీ దాని మీటరింగ్ రాడ్, డయాఫ్రం వంటి విడిభాగాలు మన దగ్గర సులువుగా దొరకవు. అందుకే నేను సోలెక్స్ 32 పీబీఐసీ కార్బురేటర్ వైపు మొగ్గాను. దీన్ని కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. ప్రీమియర్ పద్మినిలో వచ్చిందీ ఇదే పేరున్న కార్బురేటరే, కానీ ఆ కారు ఇంజను 1089 సీసీ, అంటే మన దానిలో సగం. బయటి పోత చూసి రెండూ ఒకటే అనుకోకూడదు. లోపలి వెంచురి గొట్టాన్ని విప్పి, దాని మీది అంకె చూడాలి, మెయిన్ జెట్ (పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రమున్న ముక్క) అంకె కూడా చదవాలి. సోలెక్స్, వెబర్ రెండింటిలోనూ జెట్ మీది అంకె మిల్లీమీటరులో నూరోవంతుల లెక్క: 130 అంటే 1.30 మిల్లీమీటర్ల రంధ్రం. చిన్న కారు నుంచి విప్పినదాన్ని ఉన్నదున్నట్టు బిగిస్తే, ఐడ్లింగ్ చక్కగా ఉండి, బరువు పడగానే ఇంజను ఆకలితో నీరసించిపోతుంది.

కొత్తది కొనే ముందు పాతదాని థ్రాటిల్ స్పిండిల్‌ను (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే ఇరుసును) వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడడం మంచిది. అక్కడ ఆట ఉంటే లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది, మిక్చర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో పెట్రోలు పాలును మార్చేది) ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. మా లేత్ షాపు ఆయన చేతిలోకి తీసుకోగానే, “కొత్తది ఎందుకు సార్, ఇత్తడి బుష్షు వేస్తే ఇదే నడుస్తుంది కదా” అన్నారు. చాలా సందర్భాల్లో ఆయన మాటే నిజం. అలాగే ట్యూనింగ్‌కు ముందు వాల్వు క్లియరెన్సులు, చల్లని ఇంజను మీద ఇన్‌లెట్‌కు 0.018 అంగుళం, ఎగ్జాస్టుకు 0.016, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య 0.020, ప్లగ్గులకు 0.030 ఉండేలా చూసుకోవాలి. కార్బురేటర్ లోపమని జనం అనుకునేవాటిలో సగం ఇక్కడే తీరిపోతాయి.

ఇక ఐడ్లింగ్. ఇంజను పూర్తిగా వేడెక్కాక వాక్యూమ్ గేజిని (ఇంజను పీల్పును కొలిచే ముల్లు మీటరును) ఇన్‌లెట్ వైపు తగిలించి, మిక్చర్ స్క్రూను మెల్లగా, పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ పోతే, ఒక చోట ఇంజను గొంతు బొంగురుపోయి ముల్లు వణకడం మొదలవుతుంది. అక్కడి నుంచి వెనక్కి తిప్పుతూ వస్తే ముల్లు పైకి ఎక్కి, ఒక చోట కదలకుండా నిలుస్తుంది. ఆ స్థానం దాటి ఇంకా విప్పితే ముల్లు మళ్లీ దిగుతుంది. నిలిచిన చోటే మనకు కావలసింది. వేగం పెరిగితే థ్రాటిల్ స్క్రూను తగ్గించి, ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. వెబర్ వాడేవారికి ఇక్కడొక మంచి గుర్తు ఉంది: మిక్చర్ స్క్రూ పూర్తిగా బిగిసిన చోటు నుంచి సుమారు రెండు చుట్ల దగ్గర తేలాలి. రెండున్నర దాటి విప్పాల్సివస్తే ఐడిల్ జెట్ చిన్నది, ఒకటిన్నర లోపే సరిపోతే అది పెద్దది. థ్రాటిల్ స్క్రూను మరీ ఎక్కువ బిగించి ఐడ్లింగ్ నిలబెట్టడం మాత్రం పనికిరాదు, ఎందుకంటే థ్రాటిల్ పలక అప్పటికే తన పక్కనున్న చిన్న పెట్రోలు రంధ్రాలను దాటిపోయి, యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో పెట్రోలు అందని ఖాళీ ఏర్పడుతుంది.

మెయిన్ జెట్ పరీక్షకు ఘాటును మించినది లేదు. బరువుతో, ఒకే గేరులో, యాక్సిలరేటర్ నిలకడగా తొక్కి ఎక్కుతున్నప్పుడు చోక్ లివరును (గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచేదాన్ని) కొద్దిగా లాగాలి. ఇంజను లాగుడు మెరుగైతే జెట్ చిన్నదని అర్థం, మరింత మందగిస్తే పెట్రోలు ఇప్పటికే సరిపడా వస్తోందని అర్థం. పక్కన మరొకరిని కూర్చోబెట్టుకుని ఆ లివరు పని వారికి అప్పగించడం క్షేమం, ఆ రోడ్డు మీద లారీల రాకపోకలు తక్కువేమీ కాదు. ప్లగ్గు విప్పి రంగు చూడాలనుకుంటే ఘాటు మధ్యలో ఆపకుండా, పైకి చేరాక వెడల్పయిన చోట చూడాలి.

ఎత్తుకు పోతున్నాం గనుక జెట్ మార్చాలా అని కొందరు అడుగుతారు. చిత్తూరుకూ పలమనేరుకూ మధ్య తేడా నాలుగు వందల మీటర్ల లోపే. గాలి సాంద్రత సుమారు నాలుగు శాతం తగ్గుతుంది, మిశ్రమం రెండు శాతం మేర చిక్కబడుతుంది. ఇది పట్టించుకోవలసినది కాదు. అసలు తేడా తెచ్చినది పెట్రోలులో 20 శాతం ఇథనాల్. మామూలు పెట్రోలు కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చిల్లర చాలు. అంటే పాత జెట్లతో ఇంజను ఎనిమిది శాతానికి పైగా పలచగా, అంటే పెట్రోలు తక్కువై నడుస్తోందన్నమాట. ప్రవాహం రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వ్యాసం నాలుగు శాతం పెంచితే లెక్క సరిపోతుంది: 130 ఉన్నచోట 135. పాత సర్వీసు పుస్తకంలోని అంకెను పట్టుకుని వేలాడేవారు ఈ సంగతి గమనించాలి. ఇథనాల్ పాత రబ్బరునూ వదలదు, గొట్టాలూ పంపు డయాఫ్రం దాన్ని తట్టుకునే రకంవే వేయాలి.

మా బండిలో నన్ను ఎక్కువ విసిగించినది వేడి. హరికేన్‌కు విడిగా ఇన్‌లెట్ మానిఫోల్డు ఉండదు, అది హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది, కార్బురేటర్ నేరుగా ఆ హెడ్ మీదే కూర్చుంటుంది. ఎఫ్‌సీలోనైతే ఆ మొత్తం సీట్ల మధ్య మూసిన డబ్బాలో ఉడుకుతుంది. మే నెలలో ఘాటు ఎక్కి టీ కోసం ఆపితే, కార్బురేటర్‌లో పెట్రోలు నిల్వ ఉండే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు మరిగి ఇంజనులోకి కారుతుంది, తిరిగి స్టార్టు చేయబోతే ఉక్కిరిబిక్కిరవుతుంది. మెకానిక్కులు దీన్నీ ఎయిర్ లాక్ అనే అంటారు, కానీ పంపు దగ్గర ఆవిరి పట్టడం వేరు, ఇది వేరు. మొదటిదానికి పంపు మీద తడిగుడ్డ వేస్తే సరిపోతుంది. రెండోదానికి యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కి పట్టి, పెడలును మళ్లీ మళ్లీ తొక్కకుండా సెల్ఫ్ కొట్టాలి. శాశ్వతంగా పోవాలంటే కార్బురేటర్ కింద పలచని ప్యాకింగ్ బదులు మందపాటి బేకలైట్ దిమ్మె వేయాలి, పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్టుకు దూరంగా తిప్పాలి, పంపు పీడనం 3 పీఎస్‌ఐ దగ్గర ఉండేలా చూడాలి. దిమ్మె వేశాక స్టడ్లు పొట్టివవుతాయి, వాటిని మార్చకుండా నట్టు రెండు మరల మీద నిలబెడితే వారం తిరిగేలోపే అక్కడ గాలి లాగడం మొదలవుతుంది.